గాలి సోకలేదు, కల్లు దొరకలేదు

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే మా ఊరి కల్లు దుకాణం కూడా మూతపడింది. పొద్దున రెండు సీసాలు పడనిదే తాపీ పట్టుకుంటే చేయి నిలవని మనిషిని నేను. మొదటిరోజు చెమటలు, వణుకు, ఒక్క క్షణం నిద్ర లేదు. "రెండు రోజులు ఓర్చుకుంటే అదే పోతది" అన్నాడు మా బావ.

మర్నాటి రాత్రి సంగతి నాకు కొంతే గుర్తుంది, మిగతాది మా ఇంటామె చెప్పింది. దుప్పటి నిండా తేళ్లున్నాయని తెల్లార్లూ దులుపుతూనే ఉన్నానట, ఎప్పుడో పోయిన మా నాయన బయట పిలుస్తున్నాడని గొళ్లెం తీయబోయానట, అడ్డమొచ్చిన కన్నకొడుకుని ఎవడ్రా నువ్వు అన్నానట. ఆ తేళ్లు మాత్రం నాకు బాగా గుర్తు, కొండీలతో సహా. గాలి సోకిందని మా అవ్వ వేపమండలు తెచ్చింది. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కుని పడిపోయాను.

దగ్గర్లోని ప్రైవేటు దవాఖానకు తీసుకుపోతే అక్కడి డాక్టరు నా చెయ్యి కూడా పట్టుకోకుండా "తాగుబోతులకు బెడ్లిస్తే రోగులను ఏడ పండబెట్టాలె?" అన్నాడట. మా ఆవిడ ముందే! నేను రోగిని కానా? ఆ కోపం నాకింకా పోలేదు.

హైదరాబాద్ ఎర్రగడ్డలోని సర్కారు మానసిక దవాఖానలో చేర్చుకున్నారు. అక్కడ నాలాంటివాళ్లు చాలామంది. చెట్టు కల్లే కదా, ఒంటికి మంచిదే అని ఇన్నాళ్లూ ధీమాగా తాగాను. కానీ ఊళ్లో ఉన్న నాలుగు ఈతచెట్లకు అన్ని పెట్టెల కల్లు ఎక్కడిది? నీళ్లు, శాక్రిన్, మత్తుకోసం అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారని డాక్టరమ్మ చెప్పింది. వాటికి అలవాటుపడ్డ ఒళ్లు ఒక్కసారిగా ఆపితే ఇలాగే తిరగబడుతుందట, ప్రాణం మీదికి కూడా రావచ్చట. అందుకే ఆ జాతి మందునే లెక్కగా ఇస్తూ మెల్లమెల్లగా తగ్గించారు, బి1 విటమిన్ సూదులు వేశారు.

వార్డులో ఒక నర్సమ్మ రోజూ "అన్నా, ఇయ్యాల ఏ వారం? నువ్వు ఏడున్నవ్?" అని అడిగేది. ఎన్ని తప్పులు చెప్పినా నవ్వేది కాదు. సరిగ్గా చెప్పిన రోజు మాత్రం వార్డంతా వినేలా చెప్పింది. మా ఆవిడ మన్యంకొండ వెంకన్నకు మొక్కుకుంది, తలనీలాలు ఇచ్చొచ్చాం. దేవుడి దయే, కాదనను, కానీ అందులో సగం ఆ నర్సమ్మదే.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే గదిలో వేసి తాళం పెట్టకండి, ఉన్నపళంగా మాన్పించకండి. మత్తు మానేందుకు సాయం చేసే సర్కారు హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. వణుకు మొదలైందంటే మాత్రం ఫోన్లతో పొద్దుపుచ్చకుండా నేరుగా సర్కారు దవాఖానకు తీసుకుపోండి.

దుకాణాలు తెరిచాక కల్లాయన మా ఇంటికొచ్చాడు. పరామర్శకేమో అనుకున్నాం, పాత బాకీ అడిగాడు. "సీసాకు ఎంత పొడి ఏసినవో ముందు చెప్పు, పైసలు లెక్కబెట్టి ఇస్తా" అంది మా ఆవిడ. కుర్చీ వేసినా కూర్చోకుండా పోయాడు. బాకీ మాత్రం నా పేరు మీద ఇంకా అట్లే ఉందట.