పాత కుక్కరుతో మొగలి నీళ్లు

మాది ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం. ఛత్రపూర్ నుంచి గోపాలపూర్ దాకా, ఇంకా దిగువన చికిటి వైపు కూడా పొలం గట్ల మీద, ఇసుక దిబ్బల మీద మొగలి పొదలే. వానాకాలంలో తెల్లారుజామునే పూలు కోసి ఊళ్లలో ఉండే చిన్న బట్టీలకు చేరుస్తారు. అక్కడ తీసే 'గంజాం కేవడా రూహ్'కి, అంటే మొగలిపూల అసలు నూనెకి, జి.ఐ. (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. ఇంత ఉండీ మా వంటింట్లో ఉండేది మాత్రం కొట్లో కొన్న మొగలి ఎసెన్స్ సీసా. పాయసంలో రెండు చుక్కలు ఎక్కువ పడ్డాయంటే సబ్బు తిన్నట్టే ఉంటుంది. ఆ చిరాకుతోనే మొగలి నీళ్లు ఇంట్లోనే తీద్దామని కూర్చున్నాను.

బట్టీ చూసినవాళ్లకి ఇందులో పెద్ద మర్మం లేదని తెలుస్తుంది. డేగు అనే పెద్ద రాగి బానలో నీళ్లు, పూలు వేసి కింద మంట పెడతారు. మూత చుట్టూ మట్టి మెత్తుతారు. వెదురు గొట్టంలోంచి ఆవిరి, నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టిన ఇంకో రాగి పాత్రలోకి దిగి చల్లారుతుంది. అత్తరు కావాలంటే ఆ పాత్రలో ముందే గంధం నూనె పోసి ఉంచుతారు. నాకు కావాల్సింది నీళ్లు కాబట్టి ఆ ఖర్చు లేదు.

డేగు స్థానంలో అటక మీద పడున్న 5 లీటర్ల స్టీలు కుక్కరు దించాను. వెయిట్ ఎప్పుడో పోయింది, దాంతో మనకు పనీ లేదు. సేఫ్టీ వాల్వు మాత్రం కొత్తది వేయించాను, అక్కడ పిసినారితనం పనికిరాదు. రబ్బరు గాస్కెట్ కూడా మార్చాల్సిందే. పాతదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, ఎన్నేళ్ల సాంబారు అందులో ఉందో! ఇంగువ వాసన ఒకసారి రబ్బరుకి పట్టిందంటే ఏ సబ్బుకీ లొంగదు.

రాగి పైపు మా మరిది తెచ్చాడు. ఏసీలు బిగించే పని చేస్తాడు. స్ప్లిట్ ఏసీ బిగించాక మిగిలే కొత్త ముక్కలు అతని సంచిలో ఎప్పుడూ ఉంటాయి. మూడు సూత్ (3/8 అంగుళం) పైపు, పది అడుగులు. పాత ఫ్రిజ్‌లోంచి కోసిన పైపు అయితే వద్దన్నాడు. లోపల కంప్రెసర్ నూనె పట్టి ఉంటుందట, కడిగినా పోదు. చుట్టేటప్పుడు పైపు నొక్కుకుపోకుండా లోపల పొడి ఇసుక కూరి, రెండు చివర్లకీ టేపు వేసి, నాలుగు అంగుళాల పీవీసీ గొట్టం చుట్టూ నెమ్మదిగా తిప్పాడు. ఇసుక దులిపేశాక ఆ చుట్టని 20 లీటర్ల పెయింట్ డబ్బాలో దించి, అడుగున చిల్లు పెట్టి కింది కొస బయటికి తీసి, నీళ్లు కారకుండా చుట్టూ ఎం-సీల్ ముద్ద మెత్తాం. కుక్కరు ముక్కునీ (వెయిట్ పెట్టే చోటు) పైపునీ కలిపేది ఫుడ్ గ్రేడ్ సిలికాన్ ట్యూబు. మొత్తం సరంజామాలో డబ్బు పెట్టి కొన్నవి వాల్వు, గాస్కెట్, ఈ ట్యూబు, ఎం-సీల్, అంతే.

"వదినా, ఆ గొట్టం కొస ఎప్పుడూ తెరిచే ఉండాలి. సీసా మూతికి బిరడా పెట్టి మూసేవు సుమా, పేలుద్ది" అని పదిసార్లు చెప్పి వెళ్లాడు. బిరడా మాట అలా ఉంచండి, పూల పుప్పొడి వెళ్లి కుక్కరు ముక్కులో అడ్డం పడినా అదే ప్రమాదం. అందుకే పూలని పల్చటి గుడ్డలో వదులుగా మూటకట్టి, ఎత్తు స్టాండు మీద చిల్లుల పళ్లెంలో పెట్టాలి. నీళ్లు పళ్లేనికి అందకూడదు. పూలకి ఆవిరి తగలాలి గానీ అవి ఉడకకూడదు.

ముందు వెనిగర్ కలిపిన నీళ్లతో ఒక వాయి, తర్వాత ఉత్త నీళ్లతో ఒక వాయి తీసి పారబోశాను. రాగి వాసన, ట్యూబు వాసన వాటితోనే పోవాలి.

ఇక పూలు. వాసన ఉండేది మగపువ్వుకే. మార్కెట్లో పూలమ్మే మావుసీకి (ఒడియాలో పిన్ని) ముందురోజే చెప్పి ఉంచితే ఆకు చుట్టి తెచ్చింది. పొద్దెక్కితే సగం వాసన గాలికే పోతుందని తొందరపెట్టింది. ఆకు అంచులకి రెండు వైపులా, నడిమి ఈనె వెంట కూడా ముళ్లే. కత్తెరతో విప్పుకుంటూ పోతే లోపల లేత పసుపు రేకులు, వాటి మధ్య పిండిలా రాలే పుప్పొడి. చేతికి అంటిన ఆ పొడి వాసన సాయంత్రం దాకా వదల్లేదు.

మూత అంచున గోధుమపిండి ముద్ద అద్ది స్టవ్ వెలిగించాను. మరిగేదాకా పెద్ద మంట. మొదటి చుక్క పడగానే సిమ్‌కి తిప్పేయాలి. సెకనుకి ఒకటి రెండు చుక్కలు, అంతకు మించకూడదు. గొట్టం కొస నుంచి పొగలా ఆవిరి వస్తోందంటే డబ్బాలో నీళ్లు వేడెక్కాయని అర్థం. బోరు నీళ్ల పైపు డబ్బా అడుక్కి దించి, పైనుంచి వేడి నీళ్లు పొర్లిపోనిచ్చాను. అడుగున చల్లన, పైన వేడి ఉంటేనే చుట్ట కిందికి వచ్చేసరికి ఆవిరంతా నీరవుతుంది.

మొగలి వాసనకి మూలమైన ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ విడిగా మరగాలంటే నూరు డిగ్రీలకు చాలా పైన కాగాలి. కానీ నీటి ఆవిరి తోడుంటే రెండింటి ఆవిరి ఒత్తిడీ కలిసి, నూరులోపే లేచి వచ్చేస్తుంది. పువ్వు మాడకుండా వాసన చేతికి దక్కేది అందుకే.

మొదట వచ్చిన గ్లాసెడు కాస్త పచ్చివాసన, పక్కన పెట్టాను. ఆ తర్వాతిది అసలు సరుకు. ఒక స్పూను తీసి చల్లటి నీళ్లలో కలిపితే గది గదంతా తెలిసింది. చివరికొచ్చేసరికి ఉడికిన ఆకు వాసన మొదలవుతుంది, అక్కడ స్టవ్ కట్టేయాలి. ఇంకో సీసా వస్తుంది కదా అని ఆశపడితే ముందు తీసిందీ పాడవుతుంది.

ఈలోగా కిటికీలోంచి గొట్టం, చుక్కలు చూసిన పక్కింటాయన "సారా ఎప్పటినుంచి కాస్తున్నారమ్మా?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గానీ, చిన్న సీసా ఒకటి చేతిలో పెట్టి వాసన చూపించేదాకా నాకు టెన్షనే. సారా కాయడం నేరం. ఈ సరంజామాని దూరం నుంచి చూసినవాళ్లకి రెంటికీ తేడా తెలియదు మరి.

నూనె ఎంత వచ్చిందని అందరూ అడుగుతున్నారు. రాలేదు. చల్లారాక సీసాలో నీళ్ల మీద కంటికి ఆనీ ఆననట్టు మెరుపు, అంతే. కుక్కరెడు పూలకి అంతకన్నా రాదు. బట్టీలవాళ్లు వేలల్లో పూలు పోస్తే గానీ రూహ్ సీసాకెక్కదు.

వేడినీళ్లలో మరిగించి ఆరబెట్టిన గాజు సీసాల్లో ఆ మొగలి నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. కొన్ని వారాల్లో వాడేయాలి, తేట తగ్గి మసకేస్తే పారబోయాలి. రాగి చుట్టని వాడిన ప్రతిసారీ నిమ్మరసం, ఉప్పు కలిపిన నీళ్లతో కడిగి ఆరబెట్టాలి, లేకపోతే లోపల చిలుము పడుతుంది. పప్పు వండుకోవడానికి ఆ కుక్కరు తిరిగి ఇవ్వమని అత్తయ్య అడుగుతున్నారు. ఇంకెక్కడి పప్పు! పెరట్లో నిమ్మగడ్డి నడుమెత్తు పెరిగింది, దాని వంతు రావాలి.