ఒంటరి గద్ద

రష్యా తూర్పు చివరి తీరంలో గూడు కట్టుకుని, చలికాలంలో జపాన్ దాకా వెళ్లే స్టెల్లర్స్ సముద్రపు గద్ద ఒకటి 2021 చివర్లో అమెరికాలోని మసాచుసెట్స్, మెయిన్ తీరాల్లో కనిపించిందని చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. రెక్కల మీది తెల్ల మచ్చలను ఫొటోలతో పోల్చి, అంతకుముందు కెనడాలో తిరిగింది కూడా ఇదేనని గుర్తించారట. 2023లో ఇడాలియా తుఫాను తర్వాత విస్కాన్సిన్‌లోని సరస్సు ఒడ్డుకు చేరిన ఫ్లెమింగోలనైతే గాలి మోసుకొచ్చిందనుకోవచ్చు. ఈ గద్ద మాత్రం నెలల తరబడి తిరుగుతూనే ఉంది. ఆకులు రాలిన కొమ్మ మీద, పసుపుపచ్చని బరువైన ముక్కును గాలికి ఎదురుగా పెట్టి కూర్చున్న దాని ఫొటోను ఇప్పటికీ మళ్లీ మళ్లీ తెరిచి చూస్తుంటాను. తన జాతి పక్షి ఒక్కటైనా లేని ఆ తీరంలో అది ఎవరినైనా పిలిచి ఉంటుందా అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.