నాయకత్వం టాపిక్ నాకు ఎలా ఎక్కిందంటే

మేనేజ్‌మెంట్ సిలబస్‌లో నాయకత్వం టాపిక్‌ను చాలామందిలాగే నేనూ తేలిగ్గా తీసుకున్నాను. నిజాయితీ, ధైర్యం, దూరదృష్టి, మాటనేర్పు అంటూ ఓ పది లక్షణాలు రాసేస్తే మార్కులు పడతాయనుకున్నాను. మొదటి మాక్ టెస్టులో అలాగే రాస్తే పదికి మూడు వచ్చాయి. దిద్దిన సార్ పక్కన ఒకే ఒక్క ప్రశ్న రాశారు: "ఇవన్నీ ఉన్న మనిషి మీకెవరైనా తెలుసా?"

అప్పట్లో మేం ఐదుగురం కలిసి చదివేవాళ్లం. టైమ్‌టేబుల్ నాదే. ఎవరు ఏ చాప్టర్ చదవాలో, టెస్టు ఎప్పుడో, బ్రేక్ ఎన్ని నిమిషాలో అన్నీ నేనే చెప్పేదాన్ని. పని చకచకా జరుగుతుంటే నాయకత్వం అంటే ఇదే అనుకున్నాను. ఓసారి జ్వరమొచ్చి తొమ్మిది రోజులు వెళ్లలేకపోయాను. తిరిగి వెళ్లేసరికి బోర్డు మీద నేను రాసిన పాత తేదీ అలాగే ఉంది. దాని కింద నేను సగంలో ఆపిన పట్టిక కూడా అలాగే ఉంది. వాళ్ల మీద కోపం రాలేదు కానీ మనసు చివుక్కుమంది.

ఆ వారమే లెవిన్, లిపిట్, వైట్ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగం చదివాను. 1930ల చివర్లో అమెరికాలోని అయోవాలో పదేళ్ల వయసు అబ్బాయిల క్లబ్బుల మీద చేశారు. నాయకుల తీరు మూడు రకాలు: అన్నీ తనే ఆదేశించేవాడు, పిల్లలతో కలిసి నిర్ణయించేవాడు, ఏదీ పట్టించుకోనివాడు. ఆదేశించే నాయకుడు గదిలోంచి బయటికి వెళ్తే పని పడిపోయేది. కలిసి నిర్ణయించుకున్న క్లబ్బులో మాత్రం నాయకుడు గదిలో లేకపోయినా పని దాదాపు అలాగే సాగేది. ఈ ప్రయోగం నాకు మళ్లీ రివిజన్ చేయాల్సిన అవసరం రాలేదు.

అసలు పాఠం మా గ్రూపులోనే ఒకమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. ఎక్కువ మాట్లాడదు. స్టాటిస్టిక్స్ టెస్టుల్లో ఒకబ్బాయి వరసగా ఖాళీ కాగితాలు ఇస్తున్నాడు. "ఎందుకు చదవట్లేదు?" అని నేను అందరి ముందూ రెండుసార్లు అడిగాను. అతను తల దించుకున్నాడు, అంతే. ఆమె పక్కన కూర్చుని అతని నోట్‌బుక్ తెరిచి, "ఎక్కడ ఆగిపోయావు?" అంది. స్టాండర్డ్ డీవియేషన్‌లో వర్గమూలం ఎందుకు తీస్తారో అర్థం కాక అక్కడే ఇరుక్కుపోయాడట. మొదటి లెక్క ఆమే చేసి చూపించింది. రెండోది ఇద్దరూ కలిసి చేశారు. మూడోది అతను చేస్తుంటే ఊరికే చూస్తూ కూర్చుంది. ఆ ఆదివారం అదే టాపిక్ మా అందరికీ చెప్పే పని అతనికే అప్పగించింది.

హెర్సీ, బ్లాంచర్డ్ అనే మేనేజ్‌మెంట్ నిపుణులు 1969లో ప్రతిపాదించిన నాయకత్వ నమూనా కూడా దాదాపు ఇదే చెబుతుంది. ఎదుటివాళ్ల సంసిద్ధతను బట్టి చెప్పడం, ఒప్పించడం, కలుపుకోవడం, అప్పగించడం. ఆ నాలుగు గళ్ల బొమ్మను నేను ఎన్నిసార్లు బట్టీ పట్టినా మర్చిపోయేదాన్ని. ఆ నోట్‌బుక్ గుర్తు తెచ్చుకుంటే చాలు, వరస తప్పకుండా వచ్చేస్తుంది.

జవాబు రాసేటప్పుడు లక్షణాల జాబితాతో మాత్రం మొదలుపెట్టకండి. కావాలంటే నాయకత్వం మీద పరిశోధన చేసిన స్టాగ్‌డిల్‌తో మొదలుపెట్టండి. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 1948లో పరిశీలించి, లక్షణాలు మాత్రమే మనిషిని నాయకుడిని చేయవు, పరిస్థితి కూడా ముఖ్యమే అని తేల్చాడు. తర్వాత రోజువారీ ఉదాహరణ ఒకటి, మీరు కళ్లారా చూసింది రాయండి. ఇంట్లో అయినా సరే, క్లాసులో అయినా సరే. ఎవరు ఏమన్నారు, దాంతో ఏం మారింది అన్నది రెండు మూడు వాక్యాల్లో ఉంటే సరిపోతుంది. రెండో మాక్‌లో ఇలా రాస్తే నాకు ఏడు వచ్చాయి.

ఆబ్జెక్టివ్ ప్రశ్నలకి ఫీడ్లర్ అనే సైకాలజిస్టు సిద్ధాంతం దగ్గర జాగ్రత్త. నాయకుడి శైలి అంత సులభంగా మారదు, కాబట్టి శైలికి తగ్గ పరిస్థితి కావాలంటాడు ఫీడ్లర్. హెర్సీ, బ్లాంచర్డ్ మాత్రం నాయకుడే తన శైలి మార్చుకోవాలంటారు. నేను చాలాకాలం ఈ రెండూ కలిపేసేదాన్ని. పరీక్షకు నెల ముందు బోర్డు మీద బొమ్మ గీసి నాకు ఆ తేడా చెప్పింది, ఒకప్పుడు ఖాళీ కాగితాలిచ్చిన ఆ అబ్బాయే.