రేవులోకి వెళ్తున్న ఓడను చూస్తూ

నిన్న సాయంత్రం విశాఖ బీచ్‌లో నిలబడి, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు ఓడల్ని లాగే చిన్న టగ్గు పడవల సాయంతో రేవులోకి వెళ్తున్న కంటైనర్ ఓడను చాలాసేపు చూశాను. అంత పెద్ద డెక్కు మీద ఒక్క మనిషీ కనబడలేదు. మా ముత్తాత కాకినాడలో రంగూన్ స్టీమరు ఎక్కిన రోజుల్లో ఓడ ఒడ్డు దాకా వచ్చేది కాదట. దూరంగా లంగరు వేసిన ఓడ దగ్గరికి జనం పడవల్లో వెళ్లి, పైకెక్కి, సరుకుల పక్కనే చాప పరుచుకునేవారట. 1956లో అమెరికాలో ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటైనర్ పెట్టెలతో హ్యూస్టన్‌కు బయలుదేరాక సరుకు రవాణా పద్ధతే మారిపోయింది. ప్రయాణికులనేమో జెట్ విమానాలు ఎత్తుకుపోయాయి. విశాఖ నుంచి అండమాన్‌కు ప్రయాణికుల ఓడ మాత్రం ఇంకా ఉంది. కడుపులో తిప్పుతుందని ఇంట్లోవాళ్లు భయపెడుతున్నా, ఈసారి అందులో అన్నిటికన్నా చౌకైన బంక్ తరగతి టికెట్టే తీసుకోవాలనుకుంటున్నాను.