చేత్తో తిప్పే అద్దంతో ఉద్దానం దాకా

నాగులచవితికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి రమ్మని మావయ్య పిలిస్తే అమ్మా నేనూ విజయనగరం నుంచి కారులోనే బయలుదేరాం. డెంకాడ మీదుగా వెళ్లి నాతవలస దగ్గర హైవే ఎక్కితే ఇక దారి వెతుక్కునే పని లేదు. పదహారో నంబరు జాతీయ రహదారి పట్టుకుని పోవడమే. మా పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని ఐదో నంబరు రోడ్డనే అంటారు. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టింది. పూసపాటిరేగ దాకా చినుకులే గానీ రణస్థలం దాటేసరికి వాన జోరందుకుంది. చిలకపాలెం, ఎచ్చెర్ల, శ్రీకాకుళం బైపాస్, అన్నీ వైపర్ల మధ్య నుంచి చూసినవే.

మడపాం టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ ఒక పట్టాన చదవలేదు. అక్కడి కుర్రాడు చేతి మెషిన్ పట్టుకుని దగ్గరికొస్తే మాట్లాడదామని నా వైపు అద్దం దించాను. సగం దిగిందో లేదో తలుపు లోపల టప్‌మని ఏదో తెగిన చప్పుడైంది. అద్దం దానంతటదే జారి తలుపులోకి పోయింది. స్విచ్ పైకి లాగితే మోటారు గుయ్‌మంటోంది, అద్దం మాత్రం రావట్లేదు.

గేటు దాటగానే వంశధార వంతెన. ఒడిశా కొండల నుంచి దిగే ఎర్రనీళ్లు రెండు గట్లూ ఒరుసుకుని కళింగపట్నం వైపు పోతున్నాయి. మామూలు రోజైతే అమ్మ ఇక్కడ కారు నెమ్మదిగా పోనిమ్మని చెప్పి, నదికి దణ్ణం పెట్టుకుని చిల్లర వేస్తుంది. ఆ రోజు దణ్ణంతో సరిపెట్టింది. ఇచ్ఛాపురం వైపు వెళ్తుంటే సముద్రం కుడిచేతి పక్కనే ఉంటుంది, డ్రైవరు సీటూ కుడివైపే. గాలి, వాన రెండూ సముద్రం మీద నుంచి నేరుగా నా మీదకే. అమ్మ వెనక సీటులో ఉన్న తువ్వాలు తీసి నా భుజం మీద కప్పింది. అలాగే తడుస్తూ నరసన్నపేట చేరాం.

మెయిన్ రోడ్డు పక్కనే రేకుల షెడ్డులో ఒక పెద్దాయన కార్ల తలుపుల పని చేస్తాడని పెట్రోల్ బంకులో చెప్పారు. ఆయన తలుపు మీద చెవి పెట్టి, నన్ను స్విచ్ నొక్కమన్నాడు.

"మోటారు బాగానే ఉంది బాబూ. మెషిన్ పోనాది. లోపల ఒయిరు తెగిపోనాది."

అద్దాన్ని పైకీ కిందకీ నడిపే సామాను మొత్తాన్నీ మన దగ్గర మెషిన్ అనే అంటారు. స్విచ్ నొక్కితే అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, స్విచ్, మోటారు ఈ మూడింటినీ చూసుకోవాలి. మోటారు తిరుగుతూ అద్దం కదలకపోతే దాదాపుగా మెషినే పోయినట్టు.

"కొత్తది కావాలంటే విశాఖపట్నం నుంచి రావాల. రేపు సాయంత్రానికి గానీ రాదు. పండగ కదా, అదీ అనుమానమే" అన్నాడు.

"నాయనా, చీకటి పడేలోగా మేం కవిటి చేరాలి" అంది అమ్మ.

"అయితే అమ్మా, హ్యాండిల్ మెషిన్ ఉంది నా దగ్గర. మీ కారుకే తక్కువ మోడల్‌ది. పాత సామానే గానీ మంచిది. ఎక్కించీమంటారా?"

ఎక్కించమన్నాను. తర్వాత ఆ షెడ్డులో చూసిన పని నాకు ఎంతో నచ్చింది.

ముందు ఆర్మ్‌రెస్ట్ స్క్రూలు, తలుపు తీసే పిడి స్క్రూలు విప్పాడు. తలుపు లోపలి వైపు కప్పే డోర్ ప్యాడ్ చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులుంటాయి. స్క్రూడ్రైవరుతో పెళ్లగిస్తే విరుగుతాయని చదునైన చెక్కముక్క దూర్చి ఒక్కొక్కటే ఊడదీశాడు. ప్యాడ్ వెనక నల్ల బంకతో అతికించిన పాలిథిన్ షీటు ఉంది. దాన్ని చిరగనివ్వలేదు. "ఇది సిరిగితే వాన నీరు లోపలికొచ్చి కాళ్ల కింద కార్పెట్ కుళ్లిపోద్ది" అన్నాడు. చాలామంది మెకానిక్‌లు ఆ షీటును చింపి పారేయడం నేనే చూశాను.

అద్దాన్ని చేత్తో పైకెత్తి, ఫ్రేముకు టేపు వేసి నిలబెట్టాడు. మోటారు వైరు కనెక్టర్ ఊడదీసి, బోల్టులు విప్పి, పాత మెషిన్‌ని తలుపులోని పెద్ద రంధ్రంలోంచి వంచి బయటికి లాగాడు. సన్నని ఉక్కు తీగ, అది చుట్టుకునే డ్రమ్ము దగ్గర పోగులు పోగులుగా విడిపోయి ఉంది. తప్పు తీగ ఒక్కదానిదే కాదు. అద్దం జారే గాడిలో రబ్బరు ఎండి గట్టిపడింది, అద్దం పట్టేస్తుంటే మోటారు బలంగా లాగి లాగి తీగను కోసేసింది. ఇంకో కారణం కూడా చూపించాడు. తలుపు అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. వాటిలోకి తీగ దూర్చి కెలికితే బురదతో కలిసి గోధుమరంగు నీరు బొటబొటా కారింది. నౌపడా, భావనపాడు పక్క నుంచి వచ్చే బళ్లన్నీ ఇంతేనట. ఉప్పుగాలి సగం తినేస్తే, నిలవ నీరు మిగతా సగం తినేస్తుందట.

హ్యాండిల్ మెషిన్‌ని బిగించే ముందు నా చేతికిచ్చి చూడమన్నాడు. కత్తెరలా తెరుచుకునే రెండు ఇనుప చేతులు, పళ్ల చక్రం ముక్క, అద్దం బరువును మోయడానికి చుట్టలు చుట్టిన స్ప్రింగు. హ్యాండిల్ ఇరుసు దగ్గర డబ్బాలో ఇంకో చిన్న స్ప్రింగు ఉంది. అసలు తెలివంతా దానిలోనే ఉంది. హ్యాండిల్ వైపు నుంచి తిప్పితే ఆ స్ప్రింగు ముడుచుకుని డబ్బా గోడను వదిలేస్తుంది, ఇరుసు తిరుగుతుంది. అద్దం వైపు నుంచి బరువు పడితే విచ్చుకుని గోడను బిగదన్ని పట్టుకుంటుంది. అందుకే చెయ్యి వదిలేసినా అద్దం ఎక్కడుందో అక్కడే ఆగుతుంది. ఇనుప చేతుల్ని గట్టిగా నొక్కి చూశాను, ఇసుమంత కదల్లేదు. ఇన్నేళ్లుగా కార్లలో కూర్చుంటున్నా దీని సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

అదే మోడల్‌లో తక్కువ రకానికీ ఎక్కువ రకానికీ తలుపు రేకు ఒకటే కాబట్టి బోల్టు రంధ్రాలు సరిగ్గా కలిశాయి. ఈ పని చేయించుకోవాలనుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. తమ కారుకు హ్యాండిల్ రకం ఎప్పుడైనా వచ్చిందా? వచ్చి ఉంటే పని సులువు. అసలు రాని కార్లలో, తలుపులో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు, కంట్రోల్ యూనిట్లు ఉన్న కొత్త కార్లలో దీని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంకో జాగ్రత్త ఉంది. డ్రైవరు తలుపు మీద ఉండే స్విచ్‌ల పెట్టెను ఆయన తీసెయ్యలేదు. చాలా కార్లలో మిగతా తలుపుల స్విచ్‌లకు ఎర్త్ దీని గుండానే వెళ్తుంది. ఇది పీకేస్తే మిగతా అద్దాలూ ఆగిపోతాయి. మోటారు వైరు కూడా కత్తిరించకుండా, కనెక్టర్‌కు టేపు చుట్టి పక్క వైర్లకు కట్టేశాడు. రేపు మనసు మారితే మళ్లీ మోటారు పెట్టుకోవచ్చు. డోర్ లాకుల లైను వేరు కాబట్టి సెంట్రల్ లాకింగ్ యథాప్రకారం పనిచేసింది. ప్యాడ్‌కు హ్యాండిల్ వచ్చేచోట గుర్తు పెట్టి, గుండ్రంగా కోసి, హ్యాండిల్ వెనక వంపు తీగ క్లిప్పు నొక్కాడు. అది తీయాలంటే హ్యాండిల్ వెనక గుడ్డపేలిక దూర్చి అటూ ఇటూ లాగితే చాలట. అదీ చేసి చూపించాడు. సామానూ కూలీ కలిపి రెండు వేల లోపే అయింది.

అక్కణ్నుంచి కోటబొమ్మాళి, టెక్కలి, పలాస. వాన తగ్గలేదు గానీ టెన్షన్ పోయింది. అద్దాన్ని వేలెడు మందం తెరిచి ఉంచితే ముందు అద్దానికి ఆవిరి పట్టడం తగ్గింది. స్విచ్‌తో ఎంత ప్రయత్నించినా అంత సన్నగా ఎప్పుడూ ఆగేది కాదు. కాశీబుగ్గలో ఆగి జీడిపప్పు కొన్నాం. కంచిలి దాటి కవిటి దారిలోకి తిరిగేసరికి రెండు పక్కలా కొబ్బరితోటలు. చీకటి పడకముందే చేరాం.

మావయ్య తోటలో తిత్లీ తుపాను గుర్తులు ఇంకా ఉన్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా ఒరిగిపోయాయి. అప్పుడు నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. పుట్టలో పాలు పోసి వచ్చాక మావయ్య కారు తలుపు తీసి హ్యాండిల్ తిప్పి చూశాడు.

"మంచి పని చేసేవురా. తిత్లీ అప్పుడు కరెంటు లేక మోటార్లన్నీ మూలపడ్డాయి. వీధి మొత్తానికి చేత్తో కొట్టే బోరింగే నీళ్లిచ్చింది" అన్నాడు.

నీళ్లలో చిక్కుకున్న కారు గురించి కూడా మాట్లాడుకున్నాం. తడిసిన స్విచ్ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం, హ్యాండిల్‌కి ఆ బాధ లేదు. అయితే నీళ్లు అద్దం ఎత్తుకు రాకముందే దించెయ్యాలి, ఆ తర్వాత ఒత్తిడికి ఏ అద్దమైనా కదలడం కష్టమే. నాగావళి, వంశధార, బాహుదా పొంగే ఊళ్ల మధ్య తిరిగేవాళ్లకు ఇది తెలిసుండాలి.

తిరుగు ప్రయాణంలో ఎండ కాసింది. టెక్కలి దగ్గర సముద్రం వైపు తిరిగి తేలినీలాపురం వెళ్లాం. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. అవి వస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. ఇంజిన్ ఆపి, తాళం తీసేసి, అద్దం నెమ్మదిగా దించుకుని చూశాం. చప్పుడు లేదు, ఏ పిట్టా లేవలేదు. అమ్మ తన వైపు అద్దం దించాలంటే మళ్లీ తాళం పెట్టమని అడగాల్సి వచ్చింది.

అందుకని నరసన్నపేటలో మళ్లీ ఆగాం. కుడి మెషిన్ ఎడమ తలుపుకు పట్టదు, దేనిది దానికే. పెద్దాయన పాత సామాను గుట్టలో వెతికి ఎడమది తీశాడు. హ్యాండిల్ మాత్రం బూడిద రంగుది దొరికింది, నా వైపు ఉన్నది నలుపు. పరవాలేదంది అమ్మ. ఈసారి గాడిలో రబ్బరు కూడా రెండు వైపులా కొత్తది వేయించాను. వెనక తలుపులకు మోటార్లే ఉంచేశాం.