ఆ సంతకం

నాన్నని ఐసీయూలో చేర్చిన నాలుగో రోజు, రాత్రి ఒకటిన్నరకి డాక్టరుగారు బయటికొచ్చి "వెంటిలేటర్ పెట్టాలా వద్దా, త్వరగా చెప్పండి" అన్నారు. అన్నయ్య నా వైపు చూశాడు, నేను అమ్మ వైపు చూశాను. అమ్మ "ఆయన్నే అడగండిరా" అంది. అడగడానికి ఆయనకి స్పృహ ఉంటే కదా!

పెట్టమనే సంతకం చేశాం. పదకొండు రోజులు. తప్పో ఒప్పో ఇప్పటికీ తెలీదు. పొలం ఎవరికి, ఇల్లు ఎవరికి అన్నది నాన్న పదేళ్ల ముందే తేల్చేశారు. గొట్టాల మీద బతకడం ఆయనకి ఇష్టమేనా అని మాత్రం ఎవరం అడగలేదు. అపశకునం కదా మరి.

చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. దాన్నే లివింగ్ విల్ అంటారు. 2023లో పద్ధతి సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం చాలు. మనకి స్పృహ లేనప్పుడు మన తరఫున మాట్లాడాల్సిన వాళ్ల పేర్లూ అందులోనే రాయాలి.

మొన్న ఆదివారం అమ్మని అడిగేశాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే "నన్ను మాత్రం ఇంటికి తెచ్చేయండి" అంది. కాసేపాగి, "నీ పేరే రాయి. మీ అన్నయ్య ఏడుస్తాడు" అంది.