ముందు బుల్లెట్, తర్వాతే కార్ట్రిడ్జ్

రైఫిల్ కొనబోయేవారు సాధారణంగా కార్ట్రిడ్జ్ (బుల్లెట్, కేసు, ప్రైమర్, పౌడర్ కలిసిన తూటా) పేరు దగ్గర మొదలుపెట్టి, దానికి తగిన రైఫిల్ వెతుక్కుని, చివరికి దుకాణంలో ఏ బుల్లెట్ దొరికితే దానితో సర్దుకుంటారు. ఈ వరుస తలకిందులుగా ఉండాలని నా అభిప్రాయం. లక్ష్యాన్ని తాకేది కేసు మూతిలో బిగించిన బుల్లెట్ మాత్రమే. ఇత్తడి కేసు, పౌడర్‌ను అంటించే ప్రైమర్, పౌడర్ మూడూ దాన్ని సాగనంపడంతోనే తమ పని ముగించుకుంటాయి. కాబట్టి ఎంత దూరాన, దేని మీద, ఏ బుల్లెట్ ఏ వేగంతో తగలాలో ముందు తేల్చుకుంటే, దాన్ని అక్కడికి చేర్చగల కార్ట్రిడ్జులు రెండో మూడో మిగులుతాయి.

డెన్వర్‌లో ఉంటున్న మా అక్క కొడుకు ఈమధ్య ఫోన్ చేసి, "మామయ్యా, 6.5 క్రీడ్‌మోర్ కొననా, .308 కొననా, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ కొననా, ఒక్క మాటలో చెప్పు" అన్నాడు. ఇవి మూడూ కార్ట్రిడ్జుల పేర్లు; వాటిలోని అంకె సుమారుగా బుల్లెట్ వ్యాసం, 6.5 మిల్లీమీటర్లలో, మిగిలినవి అంగుళాల్లో. వెయ్యి గజాల దూరాన ఇనుప పలకలను కొట్టడానికీ, శరదృతువులో ఎల్క్ (అమెరికాలోని పెద్ద దుప్పి) వేటకూ ఒకే రైఫిల్ సరిపోవాలని అతని కోరిక. ఒక్క మాటలో తేలే సంగతి కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

హైదరాబాదులో ఈ ప్రశ్న సగమే పుడుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదా వేట నేరం. పంటను పాడుచేసే అడవి పందిని కూడా అధికారుల అనుమతి లేకుండా కాల్చకూడదు. .303 సైన్యం బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం) కావడంతో బ్రిటిషువారి కాలం నుంచే పౌరులకు అందలేదు, అందుకే మనవారి లైసెన్సుల మీద .315 స్థిరపడింది. నేను గచ్చిబౌలి రేంజ్‌లో కాల్చేది 50 మీటర్ల .22. అయినా గాలి, రికాయిల్ (రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బ), తూటాల నాణ్యత గురించి .22 నేర్పేవి పెద్ద రైఫిళ్లకూ వర్తిస్తాయి.

మొదట వెయ్యి గజాల పలక సంగతి చూద్దాం. బుల్లెట్ కిందికి ఎంత జారుతుందో దూరం తెలిస్తే లెక్కగట్టవచ్చు, స్కోపు మీద అన్ని క్లిక్కులు తిప్పవచ్చు. గాలి అలా లెక్కకు లొంగదు. అందుచేత దూరపు గురికి అన్నిటికంటే విలువైన గుణం బుల్లెట్ గాలిని చీల్చుకుపోయే తీరు, అంటే బాలిస్టిక్ కోఎఫిషెంట్; ఈ అంకె ఎంత పెద్దదైతే గాలి ప్రభావం అంత తక్కువ. అమెరికా కంపెనీ హార్నడీ వారి 140 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) 6.5 మ్యాచ్ (పోటీలకు వాడే) బుల్లెట్‌కు ఈ అంకె .646, అదే కంపెనీ .308 కోసం చేసే 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్‌కు .523. రెండూ దాదాపు ఒకే వేగంతో, సెకనుకు సుమారు 2700 అడుగులతో బయలుదేరుతాయి. గంటకు 10 మైళ్ల అడ్డగాలిలో వెయ్యి గజాలు చేరేసరికి మొదటిది ఆరడుగుల చిల్లర పక్కకు పోతే, రెండోది మరో రెండడుగుల దాకా అదనంగా పోతుంది. గాలిని తప్పుగా అంచనా వేసినప్పుడు పలక తగలడానికీ తప్పిపోవడానికీ ఆ రెండడుగులే తేడా.

పొడవుగా, సన్నగా ఉండే బుల్లెట్ గాలిని బాగా చీలుస్తుంది గాని, దానికి రెండు చిక్కులున్నాయి. పొడవు పెరిగినకొద్దీ అది నిలకడగా సాగడానికి ఎక్కువ వేగంతో గిరగిరా తిరగాలి. తిరుగుడు తగ్గిన బొంగరం తల వాల్చినట్లే ఇదీ దారి తప్పుతుంది. రెండో చిక్కు, పొడవైన బుల్లెట్ కేసులోకి లోతుగా దిగి పౌడర్ చోటును ఆక్రమిస్తుంది, పైకి జరిపి బిగిస్తే కార్ట్రిడ్జ్ తూటాలు నింపే మ్యాగజైన్‌లో పట్టదు. 1952లో వచ్చిన .308 ఈ పొడవైన బుల్లెట్లను దృష్టిలో పెట్టుకుని పుట్టినది కాదు. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ మాత్రం మొదటి నుంచే వీటి కోసం రూపొందింది: కేసు పొడవు 2.015 అంగుళాల నుంచి 1.920కి తగ్గింది, బ్యారెల్ లోపల బుల్లెట్‌ను తిప్పే గాడుల మెలిక 8 అంగుళాలకు ఒక చుట్టుగా స్థిరపడింది. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే క్రీడ్‌మోర్ కేసు భుజాలు కిందికి ఉంటాయి, బుల్లెట్ ముక్కు బయటకు సాగి ఉంటుంది. ఈ కార్ట్రిడ్జ్‌కు వచ్చిన పేరులో ప్రచారం పాలు కొంత ఉన్నమాట నిజమే. అసలు కారణం మాత్రం ఈ కొలతలే.

వేట దగ్గరకు వస్తే లెక్క మారుతుంది. పలకను కొట్టే మ్యాచ్ బుల్లెట్ ముక్కును గాలిని చీల్చడం కోసం చెక్కుతారు, జంతువు ఒంట్లో తెరుచుకోవడం కోసం కాదు. అది కొన్నిసార్లు సూదిలా దూసుకుపోతుంది, కొన్నిసార్లు పైపైనే ముక్కలవుతుంది. రెండు విధాలా జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. వేట బుల్లెట్ తెరుచుకోవడానికి ఒక కనీస వేగం కావాలి. క్రీడ్‌మోర్‌లో 143 గ్రెయిన్ల వేట బుల్లెట్‌ను తీసుకుంటే, కంపెనీ పట్టిక ప్రకారం దాని శక్తి బ్యారెల్ మూతి దగ్గర 2315 ఫుట్-పౌండ్లు (దెబ్బ బలానికి అమెరికాలో వాడే కొలత), 300 గజాల దగ్గర 1500కు పైన, 500 దగ్గర అంతకు బాగా తక్కువ. ఎల్క్‌కు 1500 ఉండాలన్నది అక్కడి వేటగాళ్లలో చాలామంది పాటించే లెక్క. కొలరాడో నియమాలు అంత అడగవు; .24 అంగుళాలకు తగ్గని బోరు, 85 గ్రెయిన్లకు తగ్గని తెరుచుకునే బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్లు ఉంటే చాలంటాయి. చట్టం చాలన్నంత మాత్రాన మూడు వందల కిలోల జంతువుకు అది చాలదని నేననుకుంటాను.

అంటే ఒకే రైఫిల్‌కు రెండు వేరు వేరు హద్దులు ఉంటాయి: పలకకు వెయ్యి గజాలు, ఎల్క్‌కు మూడు వందలు. కొండ ప్రాంతంలో గాలి పలచన కాబట్టి బుల్లెట్ వేగం నెమ్మదిగా తగ్గి రెండో హద్దు కొంత ముందుకు జరుగుతుంది, అయితే ఆ లాభాన్ని లెక్కలో కలుపుకోకుండా ఉంచుకోవడమే మేలు.

.300 విన్‌చెస్టర్ మాగ్నమ్ 500 గజాలు దాటినా ఆ 1500 నిలుపుకుంటుందని మా వాడు వాదిస్తాడు. నిజమే, కాని దానికి మూల్యం భుజం చెల్లిస్తుంది. 1963 నాటి ఈ కార్ట్రిడ్జ్ ఒక్కో దెబ్బకు 70 గ్రెయిన్లకు పైగా పౌడర్ మండిస్తుంది, దాని రికాయిల్ .308 కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. మా రేంజ్‌లో కోచ్‌లు అప్పుడప్పుడు షూటర్‌కు తెలియకుండా ఖాళీ ఛాంబర్‌తో రైఫిల్ చేతికిస్తారు. ట్రిగ్గర్ నొక్కగానే "టక్" మని శబ్దం వస్తుంది గాని రికాయిల్ రాదు. అప్పటికే అతని కళ్లు మూసుకుని, భుజం ముందుకు బిగుసుకుని, బ్యారెల్ మూతి ఇంచుమించు రెండు వేళ్ల మందాన కిందికి దిగి ఉంటుంది. .22తోనే ఇలా జరుగుతుంటే, మాగ్నమ్‌తో ఇరవై తూటాలు కాల్చాక ఏమవుతుందో ఊహించుకోవచ్చు. వెయ్యి గజాల గురి సాధనతో వచ్చేదే, సాధనంటే వందల తూటాలు. భుజం ఓర్చుకోలేని కార్ట్రిడ్జ్‌తో ఎవరూ అన్ని కాల్చరు. బ్యారెల్ కూడా ఓర్చుకోదు: .308 బ్యారెల్ ఐదు వేల తూటాలు దాటినా గురి నిలుపుకోవచ్చు, క్రీడ్‌మోర్‌ది రెండు మూడు వేలకు, మాగ్నమ్‌ది అంతకంటే ముందే అరిగిపోతుంది.

అందువల్ల అతనికి నేను 6.5 క్రీడ్‌మోరే తీసుకోమన్నాను, ఎల్క్ మూడు వందల గజాల లోపు ఉంటేనే కాల్చాలన్న షరతుతో. దీనిలో ఇంకో సౌకర్యం ఉంది: 140 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్, 143 గ్రెయిన్ల వేట బుల్లెట్ ఇంచుమించు ఒకే వేగంతో, ఒకే తీరున ప్రయాణిస్తాయి, కాబట్టి పలకల మీద చేసిన సాధన వేటలో వృథా పోదు, జీరో (స్కోపు గురీ బుల్లెట్ తగిలే చోటూ ఒకటయ్యేలా చేసే సర్దుబాటు) మాత్రం మళ్లీ చూసుకోవాలి. 500 గజాల ఎల్క్ మీదే మనసుంటే మాగ్నమ్ కొనుక్కోవచ్చు, అప్పుడు సాధనకు వేరే రైఫిల్ ఉండాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టి .300తో నెట్టుకొద్దామంటే నేను ఒప్పుకోను. తూటాలు అన్ని ఊళ్లలో దొరకాలనీ, బ్యారెల్ ఏళ్ల తరబడి మన్నాలనీ కోరుకునేవారికి .308 ఇప్పటికీ చెడ్డ ఎంపిక కాదు.

కొనేటప్పుడు ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరున్న పెట్టెలను ఎక్కువగా తీసుకోవాలి. 50 మీటర్ల షూటర్లు తమ బ్యారెల్‌కు ఏ లాట్ సరిపడుతుందో కాల్చి చూసి, నచ్చిన లాట్‌నే ఏడాదికి సరిపడా కొంటారు, ఎందుకంటే పెట్టె మీద పేరు ఒకటే అయినా లాట్ మారితే లక్ష్యం మీద బుల్లెట్లు తగిలే గుంపు విచ్చిపోవచ్చు. పెట్టె మీద అచ్చేసిన వేగాన్ని కూడా నమ్మి కూర్చోకూడదు. అది సాధారణంగా 24 అంగుళాల బ్యారెల్‌తో కొలిచినది, బ్యారెల్ అంగుళం తగ్గినకొద్దీ వేగం ఇరవై అడుగుల చొప్పున తగ్గుతుంది. బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి సొంత రైఫిల్ వేగం కొలుచుకోవాలి. అదీ ఒక్కసారి చాలదు: పౌడర్ వేడెక్కితే చురుగ్గా, చల్లబడితే మందకొడిగా మండుతుంది కనుక, జులై ఎండలో కొలిచిన అంకె మంచు పడే తెల్లవారుజామున నిలవదు, వేటకు వెళ్లబోయే వారంలో, ఆ చలిలోనే మళ్లీ కొలిచి స్కోపు పట్టికను సరిదిద్దుకోవాలి.